గిటారు మీద అరిగిన చోటు

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న మేడలో సారంగపాణి అనే మందుల వ్యాపారి ఉండేవాడు. ఆయనకి దేన్నైనా కొనడం తెలుసు కానీ, కొన్నది ఖరీదైనదైతే దాన్ని ఇంకొకరిని ముట్టుకోనివ్వడం తెలియదు.

భార్య పోయి చాలాకాలమైంది. పిల్లల్లేరు. అయినా ఆదివారం సాయంత్రాలు ఆ మేడ సందడిగానే ఉండేది. పక్కవీధి కామేశం, ఇంకొందరు పాత స్నేహితులు వచ్చేవారు. సారంగపాణి దగ్గరున్న చవక గిటారు ఒకరి ఒళ్లోంచి ఇంకొకరి ఒళ్లోకి పోతూ ఉండేది. వచ్చీరాని పాటలన్నీ పాడుకునేవారు.

అలా ఉండగా ముంబై వేలంలోకి ఒక పాత ఎలక్ట్రిక్ గిటారు వచ్చింది. ఒకప్పుడు సినిమా పాటలకి వాయించి పేరు తెచ్చుకున్న ఎలీషాది అది. సారంగపాణి పంతం పట్టి కొన్నాడు. ఆ డబ్బుకి ఊళ్లో మంచి ఫ్లాటే వచ్చేది. అదే ఏడాది తయారైన అలాంటి గిటారు ఇందులో పదోవంతుకే దొరుకుతుంది. మిగతా ధరంతా ఎలీషా మోచెయ్యి ఆని ఆని రంగు పోయిన అరచేతి మేర చోటుది. "పాత రికార్డు అట్టమీది ఫోటోలో ఈ అరుగుదల ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. కొత్త గీత పడితే మాత్రం ధర పోతుంది" అని వేలంవాళ్లు మరీమరీ చెప్పారు.

ఇంకేముంది, గిటారుకి అద్దాల పెట్టె, దాన్ని ఎవరైనా కదిపితే మోగే కరెంటు గంట వచ్చాయి. ఉప్పుగాలి తగలకుండా హాలు కిటికీలన్నీ మూతపడ్డాయి, ఏసీ వచ్చింది. పక్కన ఉంటే పరువు తక్కువని చవక గిటారుని కామేశానికి ఇచ్చేశాడు. ఆదివారం స్నేహితులొస్తే, "టీలు వరండాలోనే తాగండి. హాల్లో పాటలొద్దు, అద్దం అదురుతోంది" అన్నాడు.

"మేం కూడా వరండాలోనేనా పాణీ?" అన్నాడు కామేశం నవ్వుతూ.

సారంగపాణి నవ్వలేదు. ఒక్కొక్కరే రావడం మానేశారు. ఆయనకి బాధ కలగలేదంటే అబద్ధం. కానీ వాళ్లకి కడుపుమంట అని సరిపెట్టుకుని, సాయంత్రాలు పెట్టె ముందు ఒక్కడే కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం చేతిసంచితో ఒక ముసలాయన వచ్చాడు. "నేను ఎలీషానండి. మా ఆవిడ జబ్బుకి అమ్ముకున్న గిటారు తమ దగ్గరుందని విన్నాను. ఒక్క పాట వాయించుకుని వెళ్లిపోతాను బాబుగారూ" అన్నాడు.

సారంగపాణికి ప్రాణం లేచొచ్చింది. ఆ హాల్లో మనిషి గొంతు వినబడి ఎన్నాళ్లయిందో. గబగబా పెట్టె తాళం తీశాడు. ఎలీషా చెయ్యి చాచాడు. ఆ వేలికి ఉంగరం ఉంది. సారంగపాణికి ధర గుర్తొచ్చింది.

"వద్దండీ, గీత పడుతుంది."

"ఉంగరం తీసేస్తానండి" అన్నాడు ఎలీషా, తీసేశాడు కూడా.

"అయినా వద్దండీ. ఫోటోతో తేడా వస్తుంది. అద్దంలోంచి చూసుకోండి."

ఎలీషా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇది అరిగింది ఈ మోచేతికే కదండీ" అని మాత్రం అని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. ఉక్క భరించలేక సారంగపాణి చాన్నాళ్లకి కిటికీ తెరిచాడు. సముద్రపు హోరు లోపలికి వచ్చింది. దానితోపాటు కామేశం డాబామీంచి పాట వచ్చింది. పలుకుతున్నది తను వదిలించుకున్న చవక గిటారే. పలికిస్తున్నది ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు. మధ్యమధ్య పాత స్నేహితుల నవ్వులు. సారంగపాణి చెప్పులు వేసుకుని మెట్లదాకా వెళ్లాడు. కరెంటు లేదు, గంట మోగదు, గిటారుకి కాపలా ఎవరనుకున్నాడు. వెనక్కి వచ్చి పెట్టె పక్కన కూర్చున్నాడు. పాట అయిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

తెల్లారగానే గిటారుని చంకన పెట్టుకుని కామేశం ఇంటికి పరిగెత్తాడు.

"ఎలీషాగారు లేరా?"

"నిన్న నీ మెట్లు దిగి వెళ్తుంటే చూసి నేనే ఇక్కడికి తీసుకొచ్చాను పాణీ. తెల్లవారుజాము బండికే వెళ్లిపోయాడు. ఇంక ప్రయాణాలు చెయ్యలేనన్నాడు" అన్నాడు కామేశం. "నిన్న నువ్వు కిటికీ తెరవడం చూశాం. వస్తావని కుర్చీ కూడా వేశాం" అన్నాడు.

డాబామీద ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. సారంగపాణి గిటారుని గట్టిగా పట్టుకుని ఆ కుర్చీవైపే చూస్తూ ఉండిపోయాడు.

మనిషి చెయ్యి తగలబట్టే విలువ వచ్చిన వస్తువు కోసం మనిషినే దూరం చేసుకుంటే, చివరికి ఆ వస్తువుకి కాపలా కాయడమే మిగులుతుంది.