చిన్న గేటులోంచి వచ్చిన కెప్టెన్

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక పిచ్చి ఉండేది. ఏం పిచ్చి అనుకుంటున్నారు? క్రికెట్ పిచ్చి! తాటిమట్ట బ్యాటు. ఎండిన మారేడుకాయ బంతి. మూడు వెదురు కర్రలు పాతితే వికెట్లు. ఆట మొదలైతే చాలు, ఎవరికీ తిండి గుర్తుండేది కాదు.

ఎవరికీ అంటే అందరికీ కాదులెండి. కొందరు ఆడేదే తిండి కోసం.

ఆ జట్టులో రెండు రకాలవాళ్ళు ఉండేవారు. కణుజు అనే పెద్ద జింక, అడవిదున్న, కృష్ణజింక, దుప్పి. వీళ్ళందరికీ కొమ్ములున్నాయి, మేయడానికి బోలెడంత పచ్చికా ఉంది. అందుకని ఊరికే సరదాకి ఆడేవారు. వాళ్ళను సరదా ఆటగాళ్ళు అనేవారు. ఎలుగుబంటి, కొండముచ్చు, అడవిపంది, కుందేలు. వీళ్ళకు కొమ్ములు లేవు. ఆడిన రోజున ఇన్ని ఇప్పపూలో, నాలుగు దుంపలో దొరికేవి. వీళ్ళను కూలి ఆటగాళ్ళు అనేవారు. "వాళ్ళకేమైనా కొమ్ములున్నాయా?" అని మనం అంటుంటాం కదా. వీళ్ళకు నిజంగానే ఉన్నాయి. ఇంక ఏమనగలం!

మైదానం చుట్టూ వెదురు కంచె, దానికి రెండు గేట్లు. పెద్ద గేటు కొమ్ములవాళ్ళకు. మొదట్లో కొమ్ములు తట్టుకుంటాయని దాన్ని వెడల్పుగా పెట్టారు, అంతే. కొన్నాళ్ళకు అదే పెద్ద గౌరవమై కూర్చుంది. చిన్న గేటు కూలి ఆటగాళ్ళకు. పెద్ద గేటు పక్కన చల్లటి పందిరి ఉండేది. అది మైదానానికి ఒక పక్కగా ఉండేది. చిన్న గేటు బయట, వికెట్లకు సూటిగా వెనక, మిట్ట ఎండలో ఒక పాక ఉండేది. కూలి ఆటగాళ్ళ తిండీ, విశ్రాంతీ అక్కడే. స్కోరు రాసే బండ మీద కొమ్ములవాళ్ళ పేరు చివర 'గారు' అని రాసేవారు. మిగతావాళ్ళకు ఉత్త పేరే. రోజంతా ఎండలో బంతులు వేసేది కూలి ఆటగాళ్ళు. కెప్టెన్‌కు మాత్రం కొమ్ములు ఉండి తీరాలి.

ఈ రూళ్ళన్నీ జట్టు పెద్ద కణుజు దొర పెట్టినవి. ఆయన కొమ్ములు చూస్తే ఎవరైనా సరే పక్కకు తప్పుకోవలసిందే. ఏటా ఎండాకాలంలో అవి రాలిపోయినప్పుడు మాత్రం, ఒంట్లో నలతగా ఉందని పొద వదిలి వచ్చేవాడు కాదు.

ఆ ఏడు కెప్టెన్ అయింది చుక్కలరాయుడు. వయసులో ఉన్న దుప్పి. కెప్టెన్ కావాలని చిన్నప్పటినుంచీ కలలు కన్నాడు. అతనికి బ్యాటు పట్టుకోవడం నేర్పింది ఎవరో తెలుసా? గుబురయ్య. ఒళ్ళంతా గుబురు జుట్టు ఉన్న ముసలి ఎలుగుబంటి. పొద్దున్నే లేచి, ఓపిగ్గా, వందలకొద్దీ బంతులు వేసేవాడు. "తాతా, ఇంకొక్కటి! తాతా, ఇంకొక్కటి!" అని రాయుడు వేధించేవాడు. గుబురయ్య ఆ ఇంకొక్కటీ వేసేవాడు.

రాయుడికి కొమ్ములు మొలిచాయి. "ఇంకా ఆ తాతా గీతా ఏమిటి? పేరు పెట్టి పిలు" అన్నాడు కణుజు దొర. అప్పటినుంచి రాయుడు "గుబురయ్యా" అని పిలిచేవాడు. గుబురయ్య "చిత్తం, చిన్నదొరగారూ" అనేవాడు. ఆ మాట రాయుడికి ఎప్పుడూ నచ్చేది కాదు. అయినా ఏం చేస్తాడు, ఊరుకునేవాడు.

ప్రతి ఏడూ అవతలి కొండ జట్టుతో మూడు ఆటలు జరిగేవి. ఆ జట్టులో ఒక పునుగుపిల్లి ఉండేది. అమ్మో, దాని బౌలింగ్! బంతి ఒకసారి కుడికి తిరిగేది, ఒకసారి ఎడమకు తిరిగేది, ఒకసారి నేరుగా వచ్చేది. ఎటు వస్తుందో కొమ్ములవాళ్ళలో ఒక్కరికీ అంతు పట్టేది కాదు.

మొదటి ఆటలో కొమ్ములవాళ్ళు వరసగా ఔటయ్యారు. గుబురయ్య చూసి చూసి, పాక వదిలి పందిరి దగ్గరికి వచ్చాడు.

"చిన్నదొరగారూ, ఆ పునుగు సంగతి ఒకటి చెబుదామని..." అన్నాడు.

"అడిగినప్పుడు చెబుదువుగాని. నీ పాక అటు" అన్నాడు కణుజు దొర.

రాయుడు వినాలనుకున్నాడు. కానీ దొర పక్కనే ఉన్నాడు. మొహం అటు తిప్పుకున్నాడు. ఆట ఓడిపోయారు.

రెండో ఆటలో గుబురయ్య అవతలి జట్టువాళ్ళను ఆరుగురిని ఔట్ చేశాడు. అంతకన్నా ఏం చెయ్యాలి? చివరికి బ్యాటింగ్‌లో రాయుడు ఒక కొసన, గుబురయ్య ఇంకో కొసన మిగిలారు. గుబురయ్య మెల్లిగా దగ్గరికి వచ్చి, "బాబూ, ఆ పునుగు..." అన్నాడు. పందిరిలోంచి దొర చూస్తున్నాడు. "తర్వాత చూద్దాం, గుబురయ్యా" అన్నాడు రాయుడు. ఆ తర్వాతి బంతికే అతని వికెట్లు ఎగిరిపోయాయి.

ఆ సాయంత్రం పందిరిలో కణుజు దొర కోపంతో ఊగిపోయాడు.

"ఈ కూలి ఆటగాళ్ళకు తినడం ఎక్కువైంది, ఆడటం తక్కువైంది! మూడో ఆట కూడా పోతే ఆ ముసలి ఎలుగును పంపించేద్దాం" అన్నాడు.

 ఓడింది బ్యాటింగ్ చేతకాని మనవల్ల కదా అని రాయుడికి నోటిదాకా వచ్చింది. కానీ నోరు పెగల్లేదు. గుబురయ్యకు మోకాళ్ళు నొప్పులు. పుట్టలు తవ్వుకోలేడు, తేనెకోసం చెట్లెక్కలేడు. జట్టులోంచి పంపేస్తే ఆయన ఏం తిని బతుకుతాడు? రాయుడికి ఆ రోజు పచ్చిక కూడా సయించలేదు.

మూడో ఆట వచ్చింది. తిండి వేళకు ఆరుగురు ఔటయ్యారు. కొమ్ములవాళ్ళలో రాయుడొక్కడే మిగిలాడు. గెలవాలంటే ఇంకా ముప్పై పరుగులు కావాలి.

పందిరిలో పళ్ళు, చిగుళ్ళు రాశులు పోసి ఉన్నాయి. కణుజు దొర తింటూ అన్నాడు. "ఇదీ పోయినట్టే. సాయంత్రం నువ్వే ఆ గుబురయ్యకు చెప్పెయ్, రేపటినుంచి రావక్కర్లేదని. కెప్టెన్‌వి కదా."

రాయుడు లేచాడు.  మైదానంలోంచి కంచె వెంబడి నడిచి, చిన్న గేటు ముందు ఆగాడు. తల ఎత్తుకుని వెళితే కొమ్ములు పట్టవు. తల బాగా వంచి, ఒక పక్కకు తిప్పి, ఎలాగో దూరాడు. పాకలోకి వెళ్ళేసరికి కొమ్ములు కప్పుకు తగిలి, సగం గడ్డి ఊడి నెత్తిమీద పడింది.

మోదుగాకుల్లో దుంపలు తింటున్నవాళ్ళంతా గబుక్కున లేచి నిలబడ్డారు. కుందేలు చేతిలో దుంప జారి కింద పడింది.

"కూర్చోండి, కూర్చోండి" అంటూ రాయుడు నేలమీద చతికిలబడ్డాడు. "తాతా..." అన్నాడు. ఎన్నేళ్ళకో ఆ మాట!

గుబురయ్య ఉలిక్కిపడి చూశాడు.

"తాతా, మనం ఓడింది నీవల్ల కాదు, నావల్ల. నువ్వు చెప్పబోతే రెండుసార్లు మొహం తిప్పుకున్నాను. దొర నిన్ను తిడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. ఇప్పుడు నిన్ను పంపెయ్యమని నాకే పని చెప్పాడు. అది నావల్ల కాదు తాతా" అన్నాడు. అతని కళ్ళనిండా నీళ్ళు.

గుబురయ్య రాయుడి కొమ్ముల్లో చిక్కుకున్న గడ్డిపరకలు ఒక్కొక్కటే తీశాడు. తన ఆకులో ఉన్న ఇప్పపూలు సగం అతని ముందు పెట్టాడు.

"ముందు తిను. తింటూ అటు చూడు" అన్నాడు.

మైదానంలో పునుగుపిల్లి బంతులు వేసి చూసుకుంటోంది. పాకలోంచి చూస్తే సూటిగా ఎదురుగా పరుగెత్తుకొస్తోంది.

"దాని తోక చూడు బాబూ."

"తోకా? మేమంతా చెయ్యి చూస్తాం కదా!"

"దానికి కావలసిందీ అదే. తోక నిలువుగా లేస్తే బంతి నేరుగా వస్తుంది. తోక కొస ఎటు వంగితే బంతి అటు తిరుగుతుంది. అలవాటైపోయింది దానికి. అది దానికే తెలీదు."

రాయుడు చూశాడు. తోక కొస వంగింది, బంతి అటే తిరిగింది. మళ్ళీ చూశాడు. మళ్ళీ అంతే. పక్కగా ఉన్న పందిరిలోంచి ఇది కనపడే వీలే లేదు.

"మేం మూడేళ్ళనుంచీ చూస్తున్నాం" అంది అడవిపంది.

"మూడేళ్ళనుంచా? మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరడిగారండీ?" అంది కుందేలు.

రాయుడు సిగ్గుతో తల దించుకుని ఇప్పపూలు తిన్నాడు. అవి తియ్యగా ఉన్నాయి.

ఆట మళ్ళీ మొదలయ్యే వేళైంది. రాయుడు చిన్న గేటులోంచే మైదానంలోకి అడుగుపెట్టాడు. వెనకే గుబురయ్య, మిగతావాళ్ళు. అది చూసి కణుజు దొర పందిరిలోంచి పెద్ద పెద్ద అడుగులేసుకుంటూ వచ్చాడు.

"ఏమిటీ వేషాలు? చిన్న గేటులోంచి వచ్చినవాడు ఈ జట్టుకు కెప్టెన్ కాడు. వెనక్కి వెళ్ళి పెద్ద గేటులోంచి రా. జరిగింది మరిచిపోతాను" అన్నాడు.

రాయుడు పెద్ద గేటు వైపు చూశాడు. ఇరవై అడుగులుంటుందేమో, అంతే. అటునుంచి వస్తే కెప్టెన్‌గానే ఉంటాడు. కానీ సాయంత్రం గుబురయ్య ముందు నిలబడి ఆ మాట చెప్పాలి. అది తలుచుకోగానే కాళ్ళు కదల్లేదు.

"అయితే నేను కెప్టెన్‌ని కానండి. గుబురయ్య తాత కెప్టెన్. నేను బ్యాటింగ్ చేస్తాను" అన్నాడు.

కణుజు దొర స్కోరు బండ దగ్గరికి వెళ్ళి, చుక్కలరాయుడి పేరు పక్కనున్న 'గారు'ను కాలితో తుడిచేశాడు. పాపం, ఆయనకు చేతనైంది అదే.

"ఎందుకు బాబూ నాకోసం..." అన్నాడు గుబురయ్య.

"అవన్నీ తర్వాత. కెప్టెన్ గారూ, నన్ను ఏం చెయ్యమంటారు?"

గుబురయ్య గడ్డం గోక్కున్నాడు. "తోక చూడు. తొందరపడకు" అన్నాడు.

పునుగు పరుగెత్తుకుంటూ వచ్చింది. తోక కొస ఎడమకు వంగింది. రాయుడు ఎడమకు జరిగి, తాటిమట్ట ఝాడించాడు. బంతి కంచె దాటింది! మళ్ళీ తోక, మళ్ళీ దెబ్బ. పునుగుకు ఏమీ అర్థం కాలేదు. చెయ్యి మార్చింది, పరుగు మార్చింది, బంతిని ఆకుతో తుడిచింది. తోక సంగతి దానికి తట్టనే లేదు.

కానీ అవతలి కొస నిలవలేదు. అడవిపందికి, కొండముచ్చుకు, కుందేలుకు బంతి ఎటు వస్తుందో తెలుసు. దాన్ని కొట్టడమే రాదు. రోజూ బంతులు వెయ్యడమే తప్ప, వాళ్ళకు ఎవరు వేశారు గనక? ఒక్కొక్కరే ఔటయ్యారు. చివరికి గుబురయ్య వచ్చాడు, తేనెపట్టు దులపడానికి కర్ర పట్టుకున్నట్టు మట్ట పట్టుకుని. ఇంకా రెండు పరుగులు కావాలి. బంతి ఆడవలసింది రాయుడు.

తోక నిలువుగా లేచింది. బంతి నేరుగా వచ్చింది. రాయుడు శక్తికొద్దీ కొట్టాడు. బంతి దొర్లుకుంటూ వెళ్ళి, కంచె ముందే ఆగిపోయింది. ఇద్దరూ పరుగెత్తారు. ఒక పరుగు వచ్చింది. అవతలి జట్టు అడవిపిల్లి బంతివైపు దూకుతోంది. రాయుడు గుబురయ్య మోకాళ్ళకేసి చూసి, "చాలు తాతా, ఆగు!" అని అరిచాడు.

"కెప్టెన్ ఎవరు? రా!" అని గర్జించాడు గుబురయ్య. అప్పటికే బయలుదేరాడు కూడా.

ఆయన పరుగు చూడాలి! ఒక కాలు కుంటుతోంది, ఒళ్ళంతా ఊగుతోంది, నాలుక బయటికొచ్చింది. బంతి గాల్లో వస్తోంది. గుబురయ్య గీత ముందు బోర్లాపడి, మట్ట ముందుకు చాచాడు. మట్ట గీత దాటింది. ఆ తర్వాతే బంతి వచ్చి వికెట్లకు తగిలింది. గెలిచారు!

పాకలోంచి కుందేలు కేక పెట్టింది. పందిరిలోంచి అడవిదున్న కూడా కేక పెట్టింది, దొర ఉన్నాడని మరిచిపోయి.

కణుజు దొర మైదానంలోకి వచ్చాడు. రాయుడు గుబురయ్యను లేపి, దుమ్ము దులుపుతున్నాడు.

"బాగా ఆడావు. నువ్వు జట్టులోనే ఉండు. ఈ పూట మా పందిరిలోకి వచ్చి భోజనం చెయ్యి" అన్నాడు దొర గుబురయ్యతో.

"నేనొక్కణ్ణేనా అండీ?"

"నువ్వొక్కడివే."

గుబురయ్య ఒక్క క్షణం ఆ పందిరి వైపు చూశాడు. ఎన్నేళ్ళుగానో ఎండలోంచి చూస్తున్న నీడ అది.

"అయితే వద్దండి. మావాళ్ళు నాకోసం తినకుండా కూర్చుని ఉంటారు" అన్నాడు. కుంటుకుంటూ పాకకేసి నడిచాడు.

రాయుడు వెంట వెళ్ళాడు. అడవిదున్న అటూ ఇటూ చూసి, తనూ బయలుదేరాడు. ఆ వెనక కృష్ణజింక, మిగతా కొమ్ములవాళ్ళు. పాకలో అందరికీ చోటు చాలలేదు. ఎండలోనే ఆకులు పరుచుకుని, ఒకళ్ళమీద ఒకళ్ళు పడి తిన్నారు. పందిరిలో కణుజు దొర ఒక్కడే మిగిలాడు. ఎదురుగా రాశులకొద్దీ పళ్ళున్నాయి. ముద్ద దిగలేదు.

జట్టంతా ఒక్కటయ్యాక దొర రూళ్ళు ఎవరు వింటారు? మర్నాటినుంచి గుబురయ్యే కెప్టెన్. రాయుడు మళ్ళీ ఎప్పుడూ కెప్టెన్ కాలేదు. చాలా ఏళ్ళ తర్వాత, కొత్తగా కొమ్ములు మొలుస్తున్న ఒక దుప్పి పిల్ల అడిగింది. "ఆ రోజు ఇరవై అడుగులు నడిస్తే సరిపోయేదట కదా బాబాయ్. బాధ అనిపించలేదా?"

"అనిపించింది" అన్నాడు రాయుడు. "కానీ ఆ రాత్రి తాత కడుపునిండా తిని పడుకున్నాడు. నేనూ హాయిగా నిద్రపోయాను."

నీతి: తెలిసినవాళ్ళను అడగడానికి తల వంచితే మన పరువు పోదు, మనవాళ్ళకు అన్యాయం జరుగుతుంటే నోరు మూసుకుని కూర్చుంటేనే పోతుంది.