మూడో వరసలో పేరు

అడిగినదానికి నోటితో జవాబు చెప్పే అలవాటు గురువు అప్పలాచారికి లేదు. ఏదో ఒకటి చేసి చూపించడమే. రాయి చెక్కడంలో ఆయనంతటోడు పది తాలూకాల్లో పుట్టలేదు, ఇక పుట్టడు. ఆయన ఉలి తీశాడంటే నల్లబండ తనంతట తనే పక్కకి ఒత్తిగిలి వీపు చూపించేది. నమ్మకపోతే వెళ్లి బండనే అడగండి. ఊళ్లో సిపాయిల రాయి మీద యుద్ధాల్లో పోయిన పదకొండుమంది పేర్లూ ఆయన చెక్కినవే. ఎంత లోతుగా చెక్కాడంటే, వానొస్తే ఆ అక్షరాల్లో పిచ్చికలు స్నానం చేసి వెళ్లేవి.

ఆయన శిష్యుడు గౌరీసు. ఉలి పడితే వేలు చితుకుతుందని బ్రష్షు పట్టిన మహానుభావుడు. పద్నాలుగేళ్లుగా పంద్రాగస్టు ముందు ఆ రాయికి రంగేసే పని పంచాయతీ అతనికే ఇస్తోంది. ఈ ఏడూ రెండు పూతలు పూసి, రాయిని పెళ్లికొడుకులా మెరిపించి, గురువుని పిలుచుకొచ్చి చూపించాడు. గురువు చూసి మొహం తిప్పేసుకున్నాడు.

గౌరీసుకి ఒళ్లు మండింది. "ఏటి గురువా? రాయి బాగు సూడమని సర్కారు ఏటా సొమ్ములిస్తంది. రంగుకే ఇస్తంది, నాను రంగే ఏస్తన్నాను. ఇందల తప్పేటున్నాది?"

"సూరమ్మని తోలుకొచ్చీ," అన్నాడు గురువు. అంతే.

సూరమ్మ పెనిమిటి సింహాచలం పటాలంలో పోయాడు. శవం రాలేదు. ఆవిడకి మిగిలింది రాతి మీది పేరొక్కటే. చదువు రాదు, ఇప్పుడు చూపూ లేదు. ఏటా జెండా పండగనాడు రాయి తడుముకుని, మూడో వరసలో పేరు పట్టుకుని, దాని కింద చుట్ట ముట్టించి పెట్టేది. సింహాచలానికి చుట్టంటే ప్రాణం. నిరుడు పేరు దొరకడానికి చాలాసేపు పట్టింది. తన వేళ్లే మొద్దుబారాయనుకుంది.

గౌరీసు ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆవిడ చుట్ట ముట్టించి, రాయి మీద చెయ్యి వేసింది. పైనుంచి కిందికి తడిమింది. కిందనుంచి పైకి తడిమింది. వేళ్లు చీరకొంగుకి తుడుచుకుని మళ్లీ తడిమింది. రాయి గాజుపలకలా నున్నగా ఉంది.

పక్కన షామియానా కట్టిస్తున్న పంచాయతీ గుమస్తా నవ్వాడు. "పేరు లోపల భద్రంగానే ఉందిలే మామ్మా. అక్షరాలు తవ్వడానికి పద్దు లేదు, రంగుకే ఉంది."

సూరమ్మ గౌరీసు వైపు తిరిగింది. చేతిలో చుట్ట వేళ్లదాకా కాలుతూ వస్తోంది. "బాబూ, మావోడు యుద్ధానికెల్నేదని తేల్చీసినారేటి?"

గౌరీసు కూలబడి మూడో వరసని గోళ్లతో గీకాడు. తెలుపు కింద తెలుపు, దాని కింద ఇంకో తెలుపు. అన్నీ తన చేతి పూతలే. గోరు విరిగి నెత్తురొచ్చింది గానీ అక్షరం రాలేదు.

"గురువా," అన్నాడు తలెత్తకుండా, "తుపాకీ దెబ్బకి పోని పేరు నా పూతకి పోనాదా?"

గురువు సూరమ్మ చేతిలోంచి చుట్ట మెల్లగా తీసుకున్నాడు.

"శత్రువు ఒక్కసారే సంపినాడురా," అన్నాడు.