ప్రాణపుల్ల

"కదిలేదాన్ని కదలకుండా చేయడమే కదండీ బాగుచేయడం?" అని కోటిలింగం తన గురువు దేవదానం మాస్టారిని అడిగాడు. నరసాపురంలో పాత వాద్యాలు బాగుచేసే మాస్టారి దగ్గర చేరకముందు పదిహేనేళ్లు కుర్చీలూ మంచాలూ చేసిన మనిషి. అలా అడగక ఏం చేస్తాడు? మాస్టారేమో ఏ ప్రశ్నకీ వెంటనే జవాబు చెప్పే రకం కాదు. "చూద్దాంలే" అని, కొట్టు అతనికి అప్పగించి పనిమీద ఏలూరు వెళ్లిపోయారు.

అప్పుడు కొట్లో ఒక డబుల్ బేస్ ఉంది. వయొలిన్‌కి పెదనాన్న లాంటి ఆ వాద్యం మనిషికన్నా ఎత్తు, వయసు వందేళ్ల పైమాటే. చర్చి పాటల బృందంలో దాన్ని నలభై ఏళ్లుగా వాయిస్తున్నవారు సత్యానందం గారు. ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్లు. ఆదివారానికి అది మునుపటిలా పలక్కపోతే కీబోర్డు కొని, దీన్ని అద్దాల బీరువాలో పెట్టేస్తామని సంఘ పెద్దలు తేల్చేశారు. మూలకి చేరేది వాద్యం ఒక్కటే కాదని ఆయనకు తెలుసు.

కోటిలింగం శ్రద్ధగానే పనిచేశాడు. ఊడిన అతుకులు అంటించాడు, పురుగు తొలిచిన బెజ్జాలు పూడ్చాడు. పాత మెరుగు జోలికి పోలేదు, ఆ మాత్రం బుద్ధి ఉంది. కానీ తీగలు వదులు చేయగానే లోపల ఏదో టక్కున పడింది. చూస్తే, పై చెక్కకీ అడుగు చెక్కకీ మధ్య నిలబడి ఉండాల్సిన చిన్న కర్ర. "ఇన్నేళ్లలో దీనికి జిగురు పెట్టినవాడే లేడా!" అని నొచ్చుకుని, రెండు కొసలకీ దట్టంగా జిగురు పూసి, వాద్యం మీద ఉండే వంకర కంతలోంచి కడ్డీ దూర్చి నిలబెట్టేశాడు.

శుక్రవారం మాస్టారు తిరిగొచ్చారు. సత్యానందం గారూ వచ్చి తీగల మీద కమాను లాగారు. ముసుగుతన్ని పడుకున్నవాడు మూలిగినట్టు పలికింది. మళ్లీ లాగారు. అంతే.

"చూట్టానికి బాగానే ఉందండి మాస్టారూ. నాతోనే మాట్టాడ్డం లేదండి" అని ఆయన కళ్లు తుడుచుకున్నారు. కోటిలింగానికి తల కొట్టేసినట్టయింది.

మాస్టారు టార్చి వేసి లోపలికి చూసి, కడుపు పట్టుకుని నవ్వారు. "ప్రాణపుల్లకి జిగురెట్టావట్రా! పై చెక్క అదురుని అడుగు చెక్కకి మోసేది అదేరా."

మధ్యాహ్నమంతా ఆ జిగురు గీకి తీయడమే సరిపోయింది. కర్రని ఉత్తినే నిలబెట్టి, తీగలు బిగించి, మాస్టారు దాన్ని వెంట్రుకవాసి చొప్పున తడుతుంటే సత్యానందం గారు ఒకే స్వరం లాగుతూ కూర్చున్నారు.

"కాస్త ఇటండి... అయ్‌బాబోయ్, ఎక్కువైపోయిందండి... అదిగో! అదేనండి!"

కొట్లో కిటికీ రెక్కలు సన్నగా అదిరాయి. ముసలాయన చిన్నపిల్లాడిలా నవ్వేశారు. ఆ నవ్వు చూశాక కోటిలింగం కూడా నవ్వాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలెవరూ కీబోర్డు ఊసెత్తలేదు. సత్యానందం గారు వాద్యాన్ని కావలించుకుని, ఇంకా వాయించమన్నవాళ్ల కోసం వాయిస్తూనే ఉన్నారు. కోటిలింగానికి మాత్రం మనసు కుదుటపడలేదు. మాస్టారి చెవిలో అడిగాడు: "జిగురు లేదు కదండీ, పడిపోదా?"

"తీగలు లాగుతున్నన్నాళ్లూ ఎందుకు పడుద్దిరా?" అన్నారు మాస్టారు. "అదిగో, సత్యానందం గారిని చూడు."