చారల పోలమ్మ

ఎవరితోనూ అనని మాట ఒకటుంది. నూనెరంగుల్లో గీసిన మనిషి బొమ్మ చూస్తే నాకు ముందు మొహం కనబడదు, గీసిన చెయ్యి కనబడుతుంది. మా అమ్మమ్మ చెప్పిన ఈ కథ వల్లే అయ్యుంటుంది.

కోటలు కొత్తగా, గోడలింకా తడిగా ఉన్న కాలంలో దాలమ్మ, పోలమ్మ అని ఇద్దరు అప్పాచెల్లెళ్లు ఉండేవారు. మొగలివేరు కుంచెలతో గోడలకి సున్నం కొట్టేవారు. దాలమ్మ కొట్టిన గోడ పాలమీగడ. పోలమ్మ కొట్టిన గోడ నిండా చారలు. ఒకనాడు కోటలో అందరూ చూస్తుండగా దాలమ్మ చెల్లెలి గోడ మీద మళ్లీ తన పూత వేసేసింది. మాటా మాటా పెరిగింది. దాలమ్మ ఏరు దాటి వెళ్లిపోయింది.

ఏళ్లు గడిచాయి. పోలమ్మకి అప్ప గొంతు గుర్తుంది గానీ, మొహం చెరిగిపోతోంది. అదే ఆమె భయం.

అప్పుడే కోటలో రాణిగారి బొమ్మ గీసిన చిత్రకారుడు, వెళ్తూ వెళ్తూ మిగిలిన నూనెరంగులు ఆమెకిచ్చాడు. పోలమ్మ ఒక తలుపుచెక్క మీద అప్పని గీసింది. గుడ్డతో నున్నగా రుద్దింది. కడిగిన కంచంలా వచ్చింది. గీకేసింది. మళ్లీ గీసింది, మళ్లీ రుద్దింది. సంతలో బొమ్మలా వచ్చింది. గీకేసింది. మూడోసారి రుద్దలేదు. మొగలివేరు కుంచెని రంగులో నిండా ముంచి, చెంప ఒక్క ఈడ్పు, ముక్కు ఒక్క ఈడ్పు, నుదురు ఒక్క ఈడ్పు.

ఊరు ఊరంతా వచ్చి, ముక్కు ఆనించి చూసింది. "ఏటే పోలీ, పిడకలు కొట్టినావా?" అని నవ్వారు. నవ్వుకుంటూ గుమ్మం దాకా వెనక్కి నడిచి, తిరిగి చూశారు. చెక్క మీద దాలమ్మ తిట్టడానికి ఊపిరి తీసుకుంటోంది.

ఆ సంగతి ఏరు దాటింది. తల నెరిసిన దాలమ్మ వచ్చింది. గట్లలా లేచిన రంగు మీద వేలు పెట్టి, ఈడ్పు వెంట ఈడ్పు మెల్లగా నడిపింది. ఇక నున్నగా చెయ్యమంటుందని అందరూ ఎదురుచూశారు.

"ఇంత కోపమేటే నా మీద?" అంది.

"కోపం కాదప్పా, తొందర. నువ్వు చెరిగిపోతావని."

దాలమ్మ ఆ చెక్క ముందే కూలబడింది. మళ్లీ ఏరు దాటలేదు.

పోలమ్మ పోయాక, అప్పే ఆ ఇంటికి సున్నం కొట్టి, గుమ్మం పక్కన జానెడు మేర చారలు వదిలేసింది. ఇప్పటికీ ఆ వైపు ఇళ్లకి సున్నం కొడితే అలాగే వదులుతారు. దాన్ని పోలమ్మ చెయ్యి అంటారు. పిల్లలు దాని మీద అరచెయ్యి ఆనించి గానీ లోపలికి వెళ్లరు.

నేనూ బొమ్మలు గీస్తాను. మా అప్ప వాటిలో ఒక్కటీ చూడలేదు. నేనే చూపించలేదు. ఇప్పుడే ఫోన్ చేసి రమ్మంటాను.