గోదాలో ఒంపిన నూనె

వస్తాదు గవరయ్యగారికి ఒక అలవాటుండేది. ఎవరేమడిగినా నోటితో జవాబు చెప్పరు, చేతికి పని చెబుతారు. అరవై దాటిన ఆ మనిషి బస్కీలు తీస్తుంటే తాలింఖానాలో పడుచువాళ్లంతా తమ కసరత్తు మరిచిపోయి కళ్లప్పగించి చూసేవారు. ఏం ఒళ్లండీ అది! ఎక్కడా చిటికెడు కొవ్వు కనబడేది కాదు.

ఆయన శిష్యుల్లో ఎర్రునాయుడు కొండంత మనిషి. అయినా కిందటి జాతరలో తనలో సగం లేని అప్పలసూరి చేతిలో చిత్తయ్యాడు. ఆ అవమానం వాణ్ణి పీక్కుతినేది. ఈసారీ ఓడితే ఇక గోదా తొక్కనని తల్లిముందు ఒట్టేశాడు. తల్లి బెంగ తల్లిది. అప్పట్నుంచీ కొవ్వున్న వేటమాంసం, నేతి వేపుళ్లు, పూటపూటా పాలకోవా పెట్టి కొడుకుని మేపింది. ఒళ్లయితే పెరిగింది గానీ, రెండు పట్లు పట్టేసరికి నాయుడికి ఆయాసం ముంచుకొచ్చేది.

జాతర ఇంకా మూడు నెలలుందనగా వాడు గురువుగారి ముందు చతికిలబడ్డాడు.

"గురువుగారూ, ఇంత తింటున్నా సత్తువ రాదేమండీ? ఇంకేం తినమంటారు?"

"ముందు గోదా కలిపి రారా నాయుడూ," అన్నారాయన.

జాతర సాధన మొదలెట్టేముందు కుస్తీకి దిగేవాడే గోదా మట్టి తవ్వి, జల్లించి, మజ్జిగ, పసుపు, కాస్తంత నువ్వులనూనె పోసి కలపడం అక్కడి ఆచారం. నాయుడిది ముదిరిన భక్తి. నేలతల్లి దగ్గర పిసినారితనమేమిటనుకుని, ఇంటినుంచి కుండెడు నూనె మోసుకొచ్చి మొత్తం ఒంపేశాడు.

మర్నాడు గవరయ్యగారు వచ్చి గోదా చూశారు. అంచున నిలబడి చెయ్యి చాచి, "దిగి నన్ను పట్టు," అన్నారు. నాయుడు అడుగేశాడో లేదో దభీమని పడ్డాడు. లేచి ఆయన చెయ్యి పట్టుకోబోతే పట్టు జారి మళ్లీ వెల్లకిలా పడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు పొట్టలు పట్టుకు నవ్వారు.

"ఓరి నీ దుంపతెగ! ఇది గోదా అనుకున్నావా, గారెల మూకుడనుకున్నావా?" అన్నారు గురువుగారు.

నాయుడికి ఏడుపొచ్చేసింది. ఉన్న ఒక్క గోదా తన చేతులతోనే పాడుచేసుకున్నాడు. గంపలకొద్దీ పొడిమట్టి మోసి, కలిపి, తొక్కి, మళ్లీ కలిపాడు. మధ్యాహ్నానికి కాలు నిలిచింది.

అప్పుడు అన్నాలకు కూర్చున్నారు. గురువుగారి విస్తట్లో రెండు జొన్నరొట్టెలు, ఉడికించిన ఉలవలు, మొలకెత్తిన పెసలు, తోలు తీసి వండిన కోడికూర, ఇంత తోటకూర, పక్కన వెన్న తీసిన మజ్జిగ. నాయుడు తన క్యారేజీ మూత తీశాడు. మాంసం మీద కొవ్వు తెల్లగా పేరుకుని ఉంది. దాన్ని చూశాడు, ఇంకా జిడ్డు వదలని తన అరచేతులు చూసుకున్నాడు. నెమ్మదిగా మూత పెట్టేశాడు. గవరయ్యగారు తన విస్తట్లో సగం వాడి ముందుకు జరిపారు.

ఆనాటినుంచి వాడిదీ అదే తిండి. కొడుకు చిక్కిపోతున్నాడని తల్లి గోలపెట్టింది. చిక్కింది పొట్టేగాని భుజం కాదని ఆవిడకు ఎవరు చెప్పగలరు!

జాతర రోజున అప్పలసూరి నవ్వుతూనే దిగాడు. పట్టు మీద పట్టు పడింది. ఈసారి రొప్పింది సూరి. నాయుడు నడుం పట్టి ఎత్తి వాణ్ణి చిత్తు చేసేసరికి జనం హోరెత్తిపోయారు. గవరయ్యగారి కళ్లు చెమర్చాయి.

తల్లి పరుగున వచ్చింది. కొంగుచాటున దాచుకున్న కోవా డబ్బా తీసి, బెదురుతూ గురువుగారి వైపు చూసింది. నాయుడూ చూశాడు.

గవరయ్యగారు డబ్బాలోంచి చిన్న పలుకు తుంచి, తన చేత్తోనే శిష్యుడి నోట్లో పెట్టారు. మూత బిగించి డబ్బా ఆవిడ చేతికిచ్చారు.

"గోదాకు నూనె ఎంతో, ఒంటికి ఇదీ అంతేనమ్మా."