గవరమ్మ రాసిన మట్టి

అనగనగా, ఊళ్లలోకి ఇంకా అద్దాలు రాని కాలం. జనం నీళ్లలో మొహం చూసుకునే కాలం. ఏరు సముద్రంలో కలిసేచోట గవరమ్మ అనే కుమ్మరామె ఉండేది. అమ్మవారు పోసి మొహం నిండా మచ్చలు. పొద్దస్తమానం మట్టి పిసికే చేతులు మాత్రం వెన్నముద్దలు. అయినా మొహానికి మందు చెప్పమని ఆమెని అడిగేదెవరు?

ఆ ఊరి ఉప్పుమడుల్లో పనిచేసే పైడమ్మకి పెళ్లి కుదిరింది. మూడు రోజుల్లో ముహూర్తం. ఎండకీ ఉప్పుగాలికీ పిల్ల మొహం కందిపోయింది. పిన్ని సున్నిపిండితో రుద్దింది. మంట. మేనత్త నిమ్మరసం రాసింది. ఇంకా మంట. అమ్మమ్మ బట్టలుతికే చౌడు పూసింది. ఇక చెప్పాలా?

"ఈ మొకంతో పందిట్లోకి రాను" అని పిల్ల తలుపేసుకుంది.

అందరి వంతూ అయ్యాక గవరమ్మని పిలిచారు.

ఆమె ఏటి బంకమట్టి తెచ్చి నానబెట్టింది. మెత్తని పాతచీరలో మూడుసార్లు వడకట్టింది. ముందు పిల్ల మోచేతి మడతలో చుక్క పెట్టి చూసింది. మంట లేదు. అప్పుడు మొహానికి పల్చగా రాసింది.

"పూర్తిగా ఆరనీకూడదమ్మా, తోలు లాగేస్తాది. నువ్వు నవ్వినప్పుడు బీటేస్తే కడిగీడమే."

ఏడ్చి ఏడ్చి ఉన్న పిల్ల ఎలా నవ్వుతుంది? కడగడానికేముంది, ఆరకముందు ఎప్పుడైనా కడగొచ్చు. గవరమ్మకి కావలసింది ఆ నవ్వు. తన మొగుడు కుండలో తల ఇరికించుకున్న కథ చెప్పింది. నవ్వలేదు. ఉడికిన గుడ్లని మూడు వారాలు పొదిగిన కోడి కథ చెప్పింది. నవ్వలేదు. గవరమ్మ పిడికెడు మట్టి తీసి తన మొహానికే పూసుకుంది.

"నీకు సిటికెడు సాలింది గానీ, నా మొకంలో గుంటలు పూడ్సాలంటే బండెడు మట్టి తోలించాలే."

పిల్ల ఫక్కున నవ్వింది. బుగ్గ మీద మట్టి బీట వేసింది.

"నీళ్లు తెండర్రా" అంది గవరమ్మ.

అలా మూడు రోజులూ రాసింది, మూడు రోజులూ నవ్వించింది. ముహూర్తం వేళకి ఎరుపు చల్లారింది. పైడమ్మ తలెత్తుకుని పందిట్లోకి నడిచింది. గవరమ్మకి ఎంత సంతోషమో.

గవరమ్మ నిండుగా బతికి వెళ్లిపోయింది. పైడమ్మ తన కూతురికి, ఆ కూతురు తన కూతురికి అదే మట్టి రాశారు. ఇప్పుడు అక్కడ ఇంటింటా అద్దాలున్నాయి. అయినా పెళ్లికూతురికి మట్టి రాయాలంటే, ముందు మొహాన మచ్చలున్న పెద్దామెనే వెతుక్కుంటూ వెళతారు. తొలి చెయ్యి ఆమెదే. తర్వాత ఆడవాళ్లంతా చుట్టూ చేరి పిల్లని నవ్విస్తారు. బుగ్గ మీద బీట పడగానే అందరూ ఒక్కటే మాట అంటారు.

"గవరమ్మొచ్చింది, నీళ్లు తెండర్రా."