డ్రైవర్ని బల్లెక్కించిన కొండబాబు

కడియంలో ఎక్కడైనా తెలివి ఊరికే పంచుతున్నారంటే, "మాకెందుకండీ, లేనివాళ్ళకి పెట్టండి" అని పక్కకి తప్పుకునే రకం కొండబాబు. ఇంట్లో ఉండేది ముగ్గురే. తను, భార్య చింతాలు, తమ్ముడు నూకరాజు. "ముగ్గురమే గానీ ముప్ఫై బుర్రలు" అని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

వాళ్ళకో మొక్కల తోట ఉంది. వేళకి నీళ్ళ మోటారు తిప్పే పెట్టె ఒకటి బావ చలమయ్య చేసిచ్చాడు. ఆ పెట్టెకి బుర్ర, లోపలున్న ఎనిమిది కాళ్ళ చిప్పు. మే నెల ఎండకి ఆ చిప్పు కాస్తా మతి తప్పింది. అంతే, మోటారు ఆగిపోయింది. నాలుగు వేల కనకాంబరం మొక్కలు తలలు వేలాడేశాయి. ఏడాది కష్టం కళ్ళముందే వాడిపోతుంటే కొండబాబు బావకి ఫోన్ కొట్టాడు.

చలమయ్య భీమవరంలో ఉన్నాడు. చిప్పుకి కొత్త పాఠం నేర్పే ప్రోగ్రామర్ బోర్డు ఒకటి సొంతంగా తయారుచేసి, బస్సులో పంపి, ఫోన్ చేశాడు.

"బావా, చిప్పు ఊడదీసి బోర్డులో పెట్టు. బోర్డుని మీ ఇంట్లో కంప్యూటర్‌కి తగిలించు."

చిప్పు ఊడదీశారు, బోర్డులో పెట్టారు. అంతవరకూ బాగానే ఉంది. ఇంకేముంది, చింతాలు పురికొస తెచ్చింది, నూకరాజు ముడేశాడు, బోర్డుని దిష్టి నిమ్మకాయలా కంప్యూటర్ తెరకి తగిలించారు.

"తగిలించాం బావా. ఊగుతోంది."

"ఊగడమేంటి! దాని తోక వైరుని యూఎస్‌బీ కన్నంలో దూర్చండి."

దూర్చబోతే దూరలేదు. "అయితే తిప్పి పెట్టండి" అన్నాడు చలమయ్య.

అంతే! ముగ్గురూ బల్లకి తలో మూలా పట్టుకుని, కంప్యూటర్‌తో సహా గిరగిరా తిప్పారు. మూడో చుట్టుకి నూకరాజుకి కళ్ళు తిరిగి, పడబోతూ ఆ వైరు పట్టుకున్నాడు. అది అటుది ఇటయి కన్నంలోకి దూరిపోయింది.

"చూశావా, తిప్పితే దూరింది! బావ మాటకి తిరుగులేదు" అన్నాడు కొండబాబు.

కానీ తెర మీద ఓ వాక్యం పడింది. ఈ పరికరాన్ని గుర్తుపట్టలేకపోతున్నాను అని.

"పాపం, కొత్త కదా" అంది చింతాలు. బోర్డుని తెర ముందు పట్టుకుని, "ఇది మా ఆడపడుచు మొగుడు చేసిందమ్మా, మనింటిదే" అని పరిచయం చేసింది. కంప్యూటర్ ఉలకలేదు, పలకలేదు.

మళ్ళీ ఫోన్. "డ్రైవర్ లేనట్టుంది. డ్రైవర్ని ఎక్కించండి. గుర్తుపట్టిందంటే ప్రోగ్రాం దానంతటదే చిప్పులోకి వెళ్ళిపోతుంది. పచ్చ దీపం వెలుగుతుంది."

కొండబాబు ఒక్క పరుగున వెళ్ళి నీళ్ళ ట్యాంకరు తోలే పైడియ్యని లాక్కొచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి. ముగ్గురూ కలిసి బల్ల మీదికి ఎక్కించారు.

"ఎందుకండీ ఇది?" అన్నాడు పైడియ్య బిక్కుబిక్కుమంటూ.

"నువ్వు కదలకు. నిన్ను చూసి గుర్తుపట్టాలి."

పావుగంట గడిచింది. గుర్తుపట్టలేదు.

"ఎక్కించాం బావా, లాభం లేదు."

"పాతదేమో! పాత డ్రైవర్ని తీసేసి కొత్త డ్రైవర్ని ఎక్కించండి."

"నిజమే, పైడియ్య బాగా పాత" అన్నాడు నూకరాజు. ఇంకేముంది, పైడియ్యని దింపేశారు. నాలుగు రోజుల కిందటే లైసెన్సు చేతికొచ్చిన ఆటో లోవలక్ష్మిని పిలుచుకొచ్చారు. ఆవిడ బల్లెక్కుతూ కాలు జారి కీబోర్డు మీటల మీద వేసింది. తెర మీద గీతలేవో గబగబా పరుగెత్తాయి. బోర్డు మీద పచ్చ దీపం వెలిగింది!

"కొత్త డ్రైవరంటే ఇదీ!" అని కొండబాబు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఫోన్‌లో చలమయ్య కూడా నమ్మలేకపోయాడు. "అబ్బ, గెలిచారు బావా! ఇక చిప్పు తీసి దాని చోట్లో గుచ్చండి. ఎనిమిది కాళ్ళూ వంకరపోకుండా నిటారుగా గుచ్చాలి సుమా. గుచ్చి నీళ్ళు వదలండి. రేపొద్దున నేనొస్తున్నా."

ఈలోగా కిందికి దిగిన పైడియ్య మొక్కల వంక చూశాడు, ఈ ముగ్గురి వంక చూశాడు, కాలవ నీళ్ళతో ట్యాంకరు తెచ్చి తోటంతా తడిపేశాడు. సాయంత్రానికి కనకాంబరాలు తలెత్తాయి.

మర్నాడు చలమయ్య బస్సు దిగి వచ్చేసరికి అరుగు పక్కన నీడలో ఎనిమిది కుండీలు వరసగా ఉన్నాయి. కొండబాబు ముంత పట్టుకుని ఒక్కోదానికీ చుక్కచుక్క నీళ్ళు పోస్తున్నాడు. నూకరాజు చేతిలో కొమ్మలు కత్తిరించే కత్తెర ఉంది.

"మోటారు తిరగట్లేదేం? చిప్పేది?"

"నువ్వన్నట్టే గుచ్చాం బావా. ఒకే చోట ఎనిమిది కాళ్ళంటే ఇరుకైపోతాయని, విడదీసి కుండీకొకటి గుచ్చాం. అన్నీ నిటారుగా ఉన్నాయి."

చలమయ్య అరుగు మీద కూలబడి, "మీ బుర్రల్లో ఉన్నది మట్టిరా నాయనా!" అని నెత్తి కొట్టుకున్నాడు.

కొండబాబు నొచ్చుకున్నాడు. "పేడ ఎరువు కూడా కలిపాం బావా. కాస్త ఇవతలికి జరుగు, ఏడో కాలికి గాలాడట్లేదు. ఇప్పుడిప్పుడే వేరు పడుతోంది."